ఆరో అంకె

హాలిఫాక్స్‌లో శత్రుపక్షం వదిలి వచ్చిన నౌకాదళ అధికారిని కారెక్కబోతుండగా కాల్చి చంపారు. అతని రహస్య చిరునామా సొంత ఈమెయిల్‌లో ఉంది. దానికి కాపలా ఫోనుకొచ్చే ఆరంకెల కోడ్. ఎవరో తియ్యగా అడిగారు, పిచ్చివాడు చెప్పేశాడు.

"తర్వాతి వంతు వెరోనిక్‌ది," అంది ఆటవాలో చీఫ్ పెల్లెటియర్. ఆ హంతక ముఠా గుట్టు బయటపెట్టిన అనువాదకురాలు వెరోనిక్. "తనెక్కడ దాక్కుందో వాళ్లన్న లయొనెల్ మెయిల్‌లో ఉంది. ఆయనకు ల్యాప్‌టాప్‌కి గుచ్చే సెక్యూరిటీ కీ ఇచ్చాం. కానీ పాత కోడ్ దారి తెరిచే ఉంచుకున్నాడు. వెళ్లి మూయించు, డ్రమండ్."

"ఇంట్లో కాపలా ఎవరు?"

"సొలాంజ్. మన మనిషే."

ఏజెంట్ డ్రమండ్ ఇరుగుపొరుగుకు అనుమానం రాకుండా, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ బాగుచేసే మెకానిక్ వేషంలో వెళ్లాడు. లయొనెల్ ముఖం గంటు పెట్టుకుని తలుపు తీశాడు.

"మళ్లీ ఏంటి? మీరిచ్చిన పుల్ల చాల్లేదా?"

"కోడ్ తీసేద్దామని వచ్చానండీ."

"కుదర్దు. ఈ చలికాలంలో ఎన్ని గ్లవ్స్ పోగొట్టుకున్నానో నాకే తెలీదు. ఇదీ పోతే నా మెయిల్ నాకే తెరుచుకోదు."

"అందుకే రెండో కీ తెచ్చా. ఇది బీరువాలో పెట్టుకోండి."

"పెద్దాయన్ని సతాయించకు, డ్రమండ్." వంటింటి గుమ్మంలో సొలాంజ్ నవ్వింది. ఆ నవ్వుకు రాయబారులే తడబడేవారు. డ్రమండ్‌కు మాత్రం ఒళ్లు మండింది.

అంతలో ల్యాప్‌టాప్‌లో హెచ్చరిక. ఖాతా మూతపడబోతోందట. లయొనెల్ కంగారుగా లింకు నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, కీ గుచ్చాడు. అది ఉలకలేదు, పలకలేదు.

"చూశారా, మీ సర్కారు సరుకు," అని విసుక్కున్నాడు.

"కోడ్ ఉందిగా, అది కొట్టండి," అంది సొలాంజ్ మెల్లగా.

ఫోనుకి కోడ్ వచ్చింది. లయొనెల్ ఒక్కొక్కటిగా ఐదంకెలు కొట్టాడు. ఆరోదాని మీదికి వేలు దిగుతుండగా డ్రమండ్ ల్యాప్‌టాప్ మూత ఠపీమని మూశాడు. నలిగిన వేలు పట్టుకుని లయొనెల్ బూతులు లంకించుకున్నాడు.

"కీ పాడవలేదండీ, అది దొంగ పేజీ. అసలు సైట్‌కి తప్ప కీ పలకదు. కోడ్ అలా కాదు, ఎవడడిగినా మనమే చెప్పేస్తాం." డ్రమండ్ సొలాంజ్ వైపు తిరిగాడు. "కీ పలక్కపోతే ఆగిపోవాలని మనకు ట్రైనింగ్‌లో మొదటిరోజే చెప్పారు. నువ్వేమో కోడ్ కొట్టమన్నావు."

ఆమె నవ్వు ఆరిపోయింది. చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"మూత తియ్. ఆ ఒక్క అంకె నేనే కొడతా."

"హాలిఫాక్స్‌లో అడిగిందీ నువ్వేనా?"

"నేనే. వాడు నాకు థాంక్స్ కూడా చెప్పాడు."

డ్రమండ్ రెంచి విసిరాడు. ఆమె పేల్చిన గుండు ఇంటి పైకప్పులో దిగింది, ఆమె మణికట్టు విరిగింది. సంకెళ్లు వేస్తున్నప్పుడు డ్రమండ్ కావాలనే మెత్తగా వేయలేదు.

లయొనెల్ ఫోను చూపించాడు. "మరి ఈ కోడ్‌ని ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యకండి. కాసేపట్లో దానంతటదే చస్తుంది," అన్నాడు డ్రమండ్. "మీ చెల్లెలు బతుకుతుంది."