వాళ్ళ క్యాసెట్ వాళ్ళది

ఉదయం తొమ్మిదైనా కూతురు ఆఫీసుకు తయారవకపోవడం టీవీ మెకానిక్‌కి వింతగా తోచింది. ఆమె వంటింటి గుమ్మంలో పీట వేసుకుని తాపీగా బీన్స్ తుంచుతోంది.

"ఇవాళ సెలవా అమ్మాయ్?"

"కాదు నాన్నా. మానేశాను."

ఆయన చేతిలోని కాఫీ కప్పు సాసరు మీద టకటకలాడింది. ఈ మధ్య అది ఊరికే కూడా అలాగే ఆడుతోంది కానీ, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. నలభై ఏళ్ళు టీవీలు బాగుచేసిన చెయ్యి అది. వణుకుతోందని వీధిలో ఒక్కరికి తెలిస్తే చాలు, మర్నాటి నుంచి దుకాణం గడప ఎవరూ తొక్కరు.

కూతురిది అల్లాటప్పా ఉద్యోగం కాదు మరి. పెద్ద టీవీల కంపెనీలో ప్రతి కొత్త మోడల్‌నీ పరీక్షించి, 'అంతా సరిగ్గా ఉంది' అని సంతకం పెట్టే ఇంజినీరు. ఆ మాట ఈయన చెప్పని మనిషి వీధిలో లేడు. దుకాణం ఎదుటి దర్జీ అయితే పదిసార్లు విని, పదకొండోసారి నుంచి ఈయన కనబడితే లోపలికి తప్పుకునేవాడు.

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను."

బీన్స్ పక్కన పెట్టి విషయం చెప్పింది. కొత్త టీవీ పెట్టగానే తెర నిండా 'అంగీకరిస్తున్నాను' అనే మీట వస్తుంది. అది నొక్కితే ఆ ఇంట్లో ఏం చూస్తున్నారో, ఎంతసేపు చూస్తున్నారో అంతా కంపెనీకి చేరుతుంది, అక్కణ్ణుంచి ప్రకటనల వాళ్ళకి. వద్దనే మీట మాత్రం ఏడు తెరల వెనక నక్కి ఉంటుంది. రెండూ పక్కపక్కనే పెట్టండని ఆమె రాసింది. సంతకమైనా పెట్టు, లేదా తప్పుకో అన్నారు పైవాళ్ళు.

"దానికా? ఎవరు ఏ సీరియల్ చూస్తే నీకేం? లోకాన్ని ఉద్ధరించడానికి నువ్వే దొరికావా? బంగారంలాంటి ఉద్యోగాన్ని కాలదన్నుకున్నావు. ఇక వీధిలో నేను తలెలా ఎత్తుకోను?"

"మెల్లగా మాట్లాడండి, కిటికీ తీసుంది," అంది తల్లి వంటింట్లోంచి వస్తూ.

"తీసుంటే ఉండనీ. మనింట్లో దాచుకోవాల్సింది ఏముందని?" అంటూ ఆయన విసురుగా టీవీ పెట్టాడు.

వార్తల కంటే ముందు ప్రకటన వచ్చింది. తెల్లకోటు వేసుకున్నాయన నవ్వుతూ, "మీ చేతులు వణుకుతున్నాయా?" అని అడిగాడు.

"వారం నుంచి ఎప్పుడు పెట్టినా ఇదే గోల. మనింట్లో ఎవరికండీ వణుకు?" అంది తల్లి.

మెకానిక్ వణికే చేతిని రెండో చేత్తో కప్పేసుకున్నాడు. మధ్యాహ్నం భార్య కునుకు తీసే వేళ, సౌండు పూర్తిగా తగ్గించి, వేళ్ళ వణుకు పోగొట్టే వ్యాయామాలు చూసేది ఆయనే. కూతురు పరీక్ష కోసమని ఆ కొత్త మోడల్ టీవీ ఇంటికి తెచ్చిన రోజు మీట నొక్కిందీ ఆయనే, నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఒకరు చెప్పాలా అని. తీరా చూస్తే ఈ టీవీ నోట్లో నువ్వుగింజ కూడా నానలేదు.

కూతురు ఆయన చెయ్యి వైపు చూడలేదు. గబగబా లేచి టీవీ ఆపేసింది. "పిచ్చి ప్రకటనలే అమ్మా, అందరికీ వేస్తారు."

తల్లి పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళింది.

"నీకు తెలుసన్నమాట," అన్నాడాయన, గొంతు తగ్గించి.

"ఆ ప్రకటన మొదలైన రోజే అర్థమైంది."

"మరి అడగలేదే?"

"నువ్వు చెప్పుకునే మాట అది. నేనెలా లాగను?"

"ఇందుకేనా ఉద్యోగం వదిలేశావ్?"

"కాదు. కంపెనీకి అంతకు ముందే రాశాను. నాన్నా, దుకాణంలో నీలం అట్ట క్యాసెట్ ఒకటుండేది, గుర్తుందా?"

గుర్తులేకేం. వీడియో ప్లేయర్ల కాలంలో, బాగుచేశాక పరీక్షించడానికి ఆయన సొంత క్యాసెట్ అది. అందులో బాతులు నీళ్ళలో ఈదడం తప్ప ఇంకేమీ లేదు. జనం ప్లేయర్లలో మరిచిపోయిన క్యాసెట్లు బోలెడు వచ్చేవి. ఒక్కదాన్నీ ఆయన వేసి చూడలేదు. పాత పేపర్లో చుట్టి ప్లేయర్‌తో పాటు తిరిగిచ్చేవాడు.

"ఎప్పుడూ ఈ బాతులేనా, వాళ్ళది వేసి చూడొచ్చుగా అని చిన్నప్పుడు అడిగాను. నువ్వేమన్నావ్?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాళ్ళ క్యాసెట్ వాళ్ళది అన్నాను."

"అది విని పెరిగినదాన్ని. ఎలా పెట్టను సంతకం?"

ఆయన పైకండువాతో ముఖం తుడుచుకుని రిమోట్ తీసుకున్నాడు. "ఆ వద్దనే మీట ఎక్కడుందో చూపించు."

ఏడు తెరలు దాటేసరికి వేలు రెండుసార్లు పక్క మీట మీదికి జారింది. కూతురు రిమోట్ లాక్కోలేదు. ఆయనే నొక్కాడు. నొక్కి, భార్యను పిలిచాడు. "ఇలా రా, నీకో మాట చెప్పాలి."

"మూణ్ణెల్లుగా కప్పు చప్పుడు వింటూనే ఉన్నాను లెండి," అందామె కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఇందాక అడిగింది మిమ్మల్నే. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

ఆ మధ్యాహ్నం దుకాణం తీస్తుంటే దర్జీ తనంతట తానే వచ్చాడు. "అమ్మాయి ఉద్యోగం మానేసిందటగా?"

"మానేసింది. ఎందుకో చెప్తాను, కూర్చో. చాలాసేపు పడుతుంది," అన్నాడు మెకానిక్. రెండు కప్పుల్లో టీ పోసి ఒకటి దర్జీకి అందించాడు. కప్పు సాసరు మీద టకటకలాడింది. ఆయన రెండో చెయ్యి అడ్డం పెట్టలేదు.