నూటపన్నెండో గింజ

"నమలకండి! మింగకండి! ఉమ్మేయండి!"

తలుపు దగ్గర నుంచి వచ్చిన ఆ కేకకి అతను ఉలిక్కిపడ్డాడు. ఆ కంగారులో నోట్లో ఉన్నది కాస్తా గుటుక్కున లోపలికి జారిపోయింది.

ఆమె పరుగున వచ్చి బల్ల మీది ట్రే వైపు చూసింది. వరుసగా చిన్న చిన్న కాగితపు కప్పులు. ఒక్కో కప్పులో పొట్టు తీసిన పొద్దుతిరుగుడు గింజ, అదీ సగం ముక్క. ఒక్క కప్పు మాత్రం ఖాళీ.

"నూటపన్నెండు," అంది ఏడుపు గొంతుతో. "మీరు నూటపన్నెండుని తినేశారు!"

"సారీ అండీ. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. వచ్చినవాళ్ల కోసం పెట్టారేమో అనుకున్నా."

"కప్పుకో అరగింజ పెట్టి మర్యాద చేసేవాళ్లని ఎక్కడైనా చూశారా?"

"కొంచెం పొదుపు మనుషులేమో అనుకున్నా."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. అతను ఈ విత్తన పరిశోధన కేంద్రం కొత్తగా కొన్న, నూనె పరీక్షించే మిషన్‌ని నడిపించడానికి నెల రోజుల కోసం వచ్చిన ఇంజనీరు. వచ్చి ఇంకా పది నిమిషాలైనా కాలేదు.

ఆమె పని గింజలు కోయడం. కొస వైపు మొలక ఉంటుంది కాబట్టి ఆ సగం కప్పులో భద్రంగా ఉంటుంది. వెడల్పు వైపు ముక్క మిషన్‌కి వెళ్తుంది. నూనె బాగుందని మిషన్ చెబితే కప్పులో ఉన్న సగాన్ని నాటుతారు. అలా గింజ ప్రాణం తీయకుండానే దాని గుణం తెలుసుకోవచ్చు. బ్లేడు వెంట్రుకవాసి పక్కకి జరిగినా మొలక పోతుంది. ఆమె చేతిలో ఇంతవరకు ఒక్కటీ పోలేదు. అందరూ ఆమెని సగాలమ్మాయి అని పిలిచేది అందుకే.

"మూడు వందల్లో ఒకటే కదండీ," అన్నాడు అతను బుజ్జగిస్తున్నట్టు. "నా అదృష్టం బాగుంటే అది పనికిరాని గింజే అయ్యుంటుంది."

అతని అదృష్టం బాగోలేదు.

మూడో రోజు మిషన్ నుంచి గ్రాఫు కాగితం బయటికి వస్తుంటే అతని మొహం తెల్లబోయింది. ఎన్నిసార్లు కాచినా, ఎన్నాళ్లు నిల్వ ఉన్నా పాడు వాసన రాని నూనె కోసం రెండు రకాల మొక్కల్ని కలిపి మూడేళ్లుగా వెతుకుతున్నారు. ఆ గుణం ఒకే ఒక్క గింజలో కనబడింది. నంబరు చూసి కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

నూటపన్నెండు.

కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంటే ఎవరికీ తెలియదు. అతను మాత్రం దాన్ని పట్టుకుని నేరుగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"తిట్టండి," అన్నాడు.

ఆమె కాగితం చూసింది. నంబరు మీద వేలు పెట్టి మళ్లీ చదివింది.

పక్క ఊళ్లో మీటింగులో ఉన్న పెద్దమేడంకి అతనే ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ మొదట అడిగింది ఒక్కటే.

"రుచి ఎలా ఉందయ్యా?"

"గమనించలేదు మేడమ్."

"మూడేళ్ల కష్టాన్ని గమనించకుండా మింగేశావా! శుక్రవారం నాటాలి. ఆలోగా ఇంకో గింజ దొరక్కపోతే ఈ పనికి అనుమతి ఆగిపోతుంది. డిగ్రీ లేకపోయినా ఆ పిల్ల చేతి మీద నమ్మకంతో కూర్చోబెట్టాను. పని ఆగితే నేను కూడా ఆ కుర్చీని కాపాడలేను."

స్పీకర్ ఫోన్‌లో ఆ మాట ఆమె కూడా విన్నది. లేచి వెళ్లి మూలనున్న బీరువా తెరిచింది. లోపల వందలకొద్దీ చిన్న చిన్న పొట్లాలు, అన్నిటి మీదా అంకెలు.

"ఏంటివి?"

"ఒక్కో పువ్వులో కోయగా మిగిలిన గింజలు. పారేయమన్నారు. ఎందుకైనా మంచిదని దాచాను."

"అన్నీనా?"

"ఎందుకైనా మంచిది అనుకోవడం మా ఇంటి జబ్బు లెండి. మా అక్కకి ఇంకా ముదిరింది."

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్. "తిన్నావా? గొడుగు తీసుకెళ్లావా? బుజ్జిది ముక్కులో బఠాణీ పెట్టుకుంది. కంగారు పడకు, తీసేశాలే. గొంతు అలా ఉందేంటి? జలుబు చేసిందా?"

నూటపన్నెండు పుట్టిన పువ్వు పొట్లంలో ఇంకా నలభై గింజలున్నాయి.

"ఇవన్నీ దాని తోబుట్టువులే కదా? అన్నిట్లోనూ అదే నూనె ఉండాలిగా?" ఆశగా అడిగింది.

"ఒక తల్లి పిల్లలందరికీ ఒకే ముక్కు వస్తుందా? ఈ నూనెకి మూడు జన్యువులు కావాలి. మూడూ కూడా తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి జంటగా రావాలి. లెక్క ప్రకారం అరవై నాలుగింట్లో ఒకదానికి పడుతుంది."

"మన దగ్గర నలభయ్యే."

"అందుకే ఒక్కటీ వదలకుండా అన్నీ కోయాలి."

ఆమె కోస్తోంది, అతను మిషన్‌లో పెడుతున్నాడు. ఒక్కో గింజకి అరగంట. ఆ అరగంటల్లో మాట్లాడుకోక ఏం చేస్తారు? మొదట్లో ఆమె అతన్ని ఆ నంబరుతోనే పలకరించేది: "ఏవండీ నూటపన్నెండూ, పద్దెనిమిదో గింజ ఏమంది?" రెండో రోజుకి ఆఫీసంతా అతన్ని ఆ పేరుతోనే పిలవసాగింది. అతనూ పలికేవాడు.

గురువారం మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. కరెంటు పోయింది. ఆమె ట్రే తెచ్చుకుని కిటికీ వెలుగులో కూర్చుంది. అద్దం మీద నీళ్లు జారుతుంటే ఆ నీడలు ఆమె చెంప మీద కూడా జారుతున్నాయి. అతను గింజల వైపు చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"గింజ ఇటుంది," అంది ఆమె తలెత్తకుండానే.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఎంతవరకు చదివారు మీరు?"

బ్లేడు ఆగింది. "పది. అమ్మకి ఒంట్లో బాగోక మానేశా. సగంలోనే కోసేశారు."

"ఏ వైపు కోశారు?"

"అంటే?"

"వెడల్పు వైపా, కొస వైపా?"

ఆమెకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "వెడల్పు వైపే అనుకుంటా," అంది, నవ్వు ఆపుకోలేక.

"అయితే భయం లేదు. నాటితే మొలుస్తారు."

ఆమె మళ్లీ తల దించుకుంది. కానీ తర్వాతి గింజ కోయడానికి చాలాసేపు పట్టింది. 

కరెంటు వచ్చింది. ముప్పై ఆరు కాదు. ముప్పై ఏడు కూడా కాదు. ముప్పై ఎనిమిదో గింజ గ్రాఫు మొదలైనప్పుడు ఇద్దరూ ఊపిరి బిగబట్టి కాగితం మీదికి వంగారు. గీత నిదానంగా లేచింది. ఇంకా లేచింది. కాగితం పైఅంచు దాకా లేచింది.

"వచ్చింది! నువ్వు గెలిచావు!" అని అరిచాడు అతను. అరిచాక గానీ "నువ్వు" అన్నానని తెలియలేదు.

ఆమెకి వెంటనే తెలిసింది. కానీ దిద్దలేదు.

శుక్రవారం ఆ అరగింజని కుండీలో నాటారు. ఎనిమిదో రోజున పెద్దమేడం ఫోన్‌లో "మొలిచిందా?" అని నాలుగోసారి అడుగుతుండగా అక్క బుజ్జిదాన్ని చంకనేసుకుని వచ్చింది. రోజుకి ఐదుసార్లు చెల్లెలి నోట వినబడే నూటపన్నెండు ఎవరో చూడకుండా ఆమెకి నిద్ర పట్టడం లేదు.

కుండీలో రెండు చిట్టి ఆకులు, చివర బ్లేడుతో కోసిన చోట మొండిగా ఉన్నాయి. వాటి మధ్య నుంచి కొత్త ఆకు, కొస దాకా నిండుగా.

"అయ్యో, సగం ఆకులేనా?" అంది అక్క.

"ఇక నుంచి వచ్చేవన్నీ నిండువే అండీ," అన్నాడు అతను.

ఈలోగా చంక దిగిన బుజ్జిది బల్ల దగ్గరికి చేరి ఒక కప్పులో చెయ్యి పెట్టేసింది. అతను ఒక్క గెంతు గెంతి ఆ చిట్టి పిడికిలిని పట్టుకున్నాడు.

"వద్దు తల్లీ! అది తింటే ఇంక ఇక్కడి నుంచి వెళ్లలేరు!"

"ఎవరు చెప్పారు బాబూ?" అంది అక్క.

"నేను తిన్నానండీ. వెళ్లలేకపోతున్నా."

 ఆమె కుండీ వైపే చూస్తూ, వినీ వినబడనట్టు అడిగింది, "నెల అయ్యాక వెళ్లిపోవాలి కదా?"

"ఇంకో ఏడాది ఉంటానని మా ఆఫీసుకి రాశా."

"ఎందుకు?"

"ఎందుకైనా మంచిదని."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బుజ్జిదాని పిడికిలి విప్పి అరగింజని తీసి జాగ్రత్తగా కప్పులో వేసింది. ఆ తర్వాత, లోకంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అన్నట్టు అతన్ని అడిగింది:

"బాబూ, మధ్యాహ్నం ఏమైనా తిన్నావా?"

అతను నోరు తెరిచేలోపే చెల్లెలు ట్రే మీదికి వంగి, వేలితో ఒక్కో కప్పూ లెక్కపెట్టింది.

"అన్నీ ఉన్నాయక్కా. ఇవాళ ఏమీ తినలేదు."

"అయితే ఇంటికి తీసుకురా," అంది అక్క.