కవేహి చెప్పని మాట

మధ్యాహ్నం అన్నాలప్పుడు వాన పట్టుకుంది. పెద్ద వానేం కాదు, పిండి జల్లెడ పట్టినట్టు సన్నటి తుంపర. మనుకై అనే పడవ తన పాటికి తాను పడమటి దిక్కుగా పోతోంది. రెండు పెద్ద దోనెల్ని జోడించి, మధ్యన చెక్కలు పరిచి, మొత్తం తాళ్ళతో బిగించి కట్టిన పడవ అది. నిన్న సాయంత్రం కవాయి ద్వీపం తీరం వదిలింది. రేపు తెల్లారేసరికి నిహోవా కనబడాలి. నిహోవా అంటే నడి సముద్రంలో ఒంటరిగా లేచిన రాతి గుట్ట, మనుషులుండరు. అది తప్పిపోతే ఆ తర్వాత అన్నీ నీళ్ళలో మునిగిన దిబ్బలే.

పడవలో దిక్సూచి లేదు, గడియారం లేదు. రేడియోని పెట్టెలో పెట్టి తాడు కట్టేశారు, ప్రాణం మీదికొస్తే తప్ప విప్పకూడదు. దారంతా నైహే బాబాయ్ తలలో ఉంటుంది. ఎంత దూరం వచ్చాం, గాలి ఎంత పక్కకి తోసింది, అంతా ఆయన కూడుకుంటూ వస్తాడు. అందుకే ఆయన నిద్రపోడు. చుక్కాని పట్టినవాళ్ళు దిగేటప్పుడు ఆయనకి ఒక్కటే చెప్పాలి: నా చేతిలో ఉండగా పడవ ఎటు పోయింది. పక్కకి పోయిందంటే ఎవరూ తిట్టరు. పోయిన సంగతి చెప్పకపోతేనే అందరి కొంపా మునుగుతుంది.

బాబాయ్ కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. పనంతా ఎవరో ఒకరికి అప్పజెప్పక తప్పదు. తన దగ్గర దారి నేర్చుకున్న కవేహికా, ఆమె పెదనాన్న కొడుకు కాలెపాకా అన్నది ఆయన ఇంకా తేల్చలేదు. తిరుగు దారి ఎవరి చేతికిస్తే పడవ ఇక వాళ్ళదేనని అందరికీ తెలుసు. కవేహికి పదేళ్ళ నుంచి ఇదే లోకం. దీనికోసం వచ్చిన పెళ్ళి సంబంధాన్ని కూడా కాలదన్నుకుంది.

"ఒసే, రాత్రంతా చుక్కలు చూస్తూ కూచున్నావు. కళ్ళు చూడు, ఉడకేసిన రొయ్యల్లా ఉన్నాయి. ఇలా ఇయ్యి చుక్కాని" అన్నాడు కాలెపా.

"నీకిస్తే ఎక్కడో దక్షిణాన ఉన్న తాహితీ దీవికి తీసుకెళ్తావు. పోయి పడుకో అన్నయ్యా."

బాబాయ్ నవ్వాడు. నవ్వి, ఎన్నడూ చెయ్యని పని చేశాడు. "నువ్వున్నావుగా తల్లీ, కాసేపు నడుం వాలుస్తా" అని దోనె లోపలి గూట్లోకి దిగి కళ్ళు మూసుకున్నాడు.

పాపం, ఆ పిల్లని నమ్మి పడుకున్నాడు.

మిగతావాళ్ళంతా వానకి గుడ్డ కప్పు కింద దూరారు. కవేహి ఒక్కతే. ఈశాన్యం నుంచి వచ్చే పెద్ద కెరటం పడవ కుడి వెనక మూలని ఎత్తి, ముందుకి జారవిడవాలి. అది అలాగే ఎత్తుతుంటే దారి సరిగ్గా ఉన్నట్టు. ఎత్తింది... జారింది. ఎత్తింది... జారింది. చంటిపిల్లని ఊయలలో వేసి ఊపినట్టే ఉంది. రెప్ప మీద రెప్ప పడింది.

కళ్ళు తెరిచేసరికి కెరటం ఎడమ పక్కని కొడుతోంది.

పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. చుక్కాని ఒడిసి పట్టి, కెరటం మళ్ళీ కుడి మూలని ఎత్తేదాకా పడవని తిప్పింది. ఎంతసేపు పడుకుంది? చిటికె సేపా, గంటా? ఎంత పక్కకి పోయింది? సూర్యుడు లేడు. మబ్బంతా ఒకటే బూడిద రంగు. తెలుసుకునే దారే లేదు.

అప్పుడే బాబాయ్ పైకొచ్చాడు, ఒళ్ళు విరుచుకుంటూ.

"ఎన్నేళ్ళయిందో ఇలా నిద్రపోయి. పడవ ఎటూ పోలేదుగా?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కాలెపా కూడా లేచొచ్చి, పక్కనే నిలబడి కొబ్బరి ముక్క నములుతున్నాడు.

"పోలేదు బాబాయ్" అంది కవేహి.

ఆయన తల ఊపాడు. ఆ అబద్ధాన్ని తన లెక్కలో వేసుకున్నాడు.

చీకటి పడింది. చుక్క లేదు, చంద్రుడు లేడు. ముద్ద దిగక కవేహి తన గూట్లోకి పోయి పడుకుంది. దోనె లోపల చేప వాసన, తడిసిన తాళ్ళ వాసన, పాత చెక్క వాసన. చెవి పక్కనే, చెక్కకి అవతల, నీళ్ళు గరగరలాడుతూ పోతున్నాయి. ఆరుగురు మనుషులు తన ఒక్క మాట మీద ఎక్కడికో పోతున్నారు. తాగే నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? లేచి వెళ్ళి చెప్పెయ్యాలి. ఏమని? బాబాయ్, మధ్యాహ్నం నిద్రపోయాను... నీకు అబద్ధం చెప్పాను... సిగ్గేసింది బాబాయ్... మనసులో ఆ మాటల్నే తిప్పి తిప్పి అనుకుంది. అనుకోవడమే గానీ కాళ్ళు కదలలేదు.

అలా అనుకుంటూ ఉండగా ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది.

పడవ వెనక నుంచి, చెక్కలో నుంచి, సన్నగా. ఆడమనిషి గొంతు. ఏదో చెబుతోంది, ఆగుతోంది, మళ్ళీ చెబుతోంది. కవేహి ఊపిరి బిగబట్టి విన్నది.

"...సిగ్గేసింది బాబాయ్..."

కల అనుకుంది. మనసులో మాటే చెవిలో మోగుతోందనుకుంది. దుప్పటి ముసుగేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఏడుపు ఆగింది. ఆగిన వెంటనే పడవ మెల్లగా ఒక పక్కకి తిరగడం ఒంటికి తెలిసింది. తెరచాప పటపట కొట్టుకుని, మళ్ళీ గాలి నింపుకుంది. దారి మార్చారు.

ఎందుకు మార్చారు?

ఇక పడుకోలేకపోయింది. చెక్కల మీదికి పాకి, చీకట్లో తాడు పట్టుకుని వెనక్కి నడిచింది. దారిలో వంట చూసుకునే లీనోలా అక్క కాళ్ళు చాపుకుని కూచుంది.

"మళ్ళీ ఎటే? ఇందాకేగా ముందుకి పోయావు. ఆ తడి బట్టలు విప్పెయ్యమన్నాను, విప్పావా?"

"నా బట్టలు తడవలేదక్కా."

"తడవలేదా? నీ జుట్టు నా చేతి మీద కారుతూ పోయింది. జ్వరం తెచ్చుకుంటావు, చూసుకో."

కవేహి తల తడుముకుంది. పొడిగా ఉంది.

చుక్కాని దగ్గర కాలెపా ఉన్నాడు. ఎడమ మూల, ఎప్పుడూ కూచునే చోటనే, నైహే బాబాయ్. కవేహి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. చిన్న గొంతుతో చెప్పేసింది.

"బాబాయ్... మధ్యాహ్నం నిద్రపోయాను. నీకు అబద్ధం చెప్పాను."

ఆయన చీకట్లో తడుముకుని ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"ఎన్నిసార్లు చెప్తావు తల్లీ? ఇందాక చెప్పావు కదా."

"...ఇందాకా?"

"ఇక్కడే కూచుని ఏడ్చావు కదా. నేనేమైనా తిట్టానా?"

ఎక్కడో తాడు ఒకటి కిర్రుమంది.

"ఎంత పక్కకి... పోయిందన్నాను?"

"నోటితో ఎక్కడ చెప్పావు? నా అరచెయ్యి పట్టుకుని సముద్రం వైపు పెట్టి, తిప్పి చూపించావు. ఇంత పోయింది, ఇటు పోయింది అని. అమ్మో, ఏం చల్లగా ఉందే నీ చెయ్యి. అప్పటి నుంచీ ఆ లెక్కనే పోతున్నాం."

నిద్రపోయిన తనకే తెలియదు. మరి ఎవరికి తెలుసు?

అది నేను కాదు బాబాయ్. ఆ ఒక్క ముక్క అంటే చాలు. అంటే ఆయన పడవ ఆపుతాడు, కాలెపా చేత రేడియో పెట్టె తాడు విప్పిస్తాడు, అందరూ బతికి బయటపడతారు. అనడానికే నోరు తెరిచింది కూడా.

"అబద్ధం ఆడావని కోపం వచ్చిన మాట నిజమే" అన్నాడు బాబాయ్. "కానీ వచ్చి ఒప్పుకున్నావు చూడు, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అంత ధైర్యం ఎవరికీ లేదు. అందుకే మాటిచ్చాను. తిరుగు దారి నీదే. గుర్తుంది కదా?"

కాలెపా వింటున్నాడు. చీకట్లో అతని మొహం కనిపించలేదు, నిట్టూర్పు మాత్రం వినిపించింది.

కవేహి తెరిచిన నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "గుర్తుంది బాబాయ్" అంది.

అలా రెండోసారి కూడా అబద్ధమే ఆడింది. మొదటిది సిగ్గుతో ఆడింది, పోనీలే అనుకోవచ్చు. ఇది మాత్రం దొంగతనం. తాను చెయ్యని మంచిపని తనదేనని ఒప్పేసుకుంది. అది ఎవరు చేశారో కూడా తెలియకుండా.

ఆ రాత్రంతా అక్కడే కూచుంది. కెరటం పడవని వేరే మూల నుంచి ఎత్తుతోంది. ఒక్కో ఎత్తుకీ ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది. ఒక్కో జారుకీ ఇంకొక్క కెరటం పోనీ అనుకుంది. లీనోలా అక్క మనవరాలి కోసం అల్లుతున్న టోపీ, కాలెపా ఇంటి దగ్గర కట్టేసి వచ్చిన కుక్క... అన్నీ గుర్తొచ్చాయి. తనంటే తనకే రోత పుట్టింది. రోత పుట్టినా నోరు విప్పలేదు.

తూరుపు తెల్లబడేవేళ తెల్లటి పిట్ట ఒకటి ఎదురుగా వచ్చి పడవ మీదుగా పోయింది. వెనకే రెండు, ఆ వెనకే గుంపు. పొద్దున్నే నేల వదిలి చేపలవేటకి వచ్చే పిట్టలవి. అవి వచ్చిన దిక్కున, సరిగ్గా పడవ ముక్కుకి ఎదురుగా, మబ్బు కింద నల్లటి గుట్ట.

నిహోవా.

వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ లేదు. కాలెపా వచ్చి ఆమె వీపు మీద ఒక్కటి చరిచాడు. "గెలిచావే రాక్షసీ" అన్నాడు. కుళ్ళు లేకుండానే అన్నాడు. లీనోలా అక్క అందరికీ కాల్చిన చిలగడదుంపలు పంచి, కళ్ళు తుడుచుకుంది. కవేహి నవ్వింది, దుంప తిన్నది. బతికారు కదా. అందరూ బతికారు. ఇక ఎవరు చెబితే ఏం, ఎలా చెబితే ఏం అని తనకి తానే సర్ది చెప్పుకుంది.

ఆ గుట్ట మీద కాలు పెట్టే ఆచారం లేదు. పడవని దాని దగ్గరికి తీసుకెళ్ళి, పేరు పెట్టి పిలిచి, దణ్ణం పెట్టి వెనక్కి తిప్పాలి. బాబాయ్ లేచి నిలబడి ఆ పనంతా చేశాడు. ఆయన గొంతు రాళ్ళకి కొట్టుకుని తిరిగొచ్చింది. అంతా చెక్కల మీద వరసగా కూచుని ఉన్నారు. ఎండ కాస్తోంది. కవేహి కాలెపా పక్కనే ఉంది, రాత్రి నుంచీ ముడుచుకుని ముడుచుకుని కాళ్ళు తిమ్మిరెక్కాయి.

బాబాయ్ చుక్కాని మీద చెయ్యి వేసి అందరి వైపూ తిరిగాడు.

"మాటిచ్చిన మనిషికే ఇస్తున్నాను. ఇక నుంచి దారి ఆమెది. రా తల్లీ కవేహీ, పట్టుకో."

ఆమె నోరు తెరవబోయింది.

"వస్తున్నా బాబాయ్."

తన గొంతే. తన వెనక నుంచి వచ్చింది.

లీనోలా అక్క మురిపెంగా నవ్వుతూ పక్కకి జరిగింది. కాలెపా కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు.

కవేహి ఇంకా లేవలేదు.