ప్రెస్సు మలుపు దగ్గర శాలువా ఆవిడ

ఇప్పుడు ఆ మలుపు చూసినవాళ్లకి నేను చెప్పేది నమ్మబుద్ధి కాదు. రోడ్డు సన్నం చేశారు, జనం దాటేచోట నేల ఎత్తు చేశారు, రెండువైపులా దీపాలు పెట్టారు. పిల్లలు కూడా కబుర్లు చెప్పుకుంటూ నింపాదిగా దాటుతున్నారు. కానీ అప్పట్లో... మూతబడ్డ ప్రింటింగ్ ప్రెస్సు గోడ పక్కన రోడ్డు గిర్రున తిరిగే ఆ చోటు పేరెత్తితే చాలు, ఎంత వాగుడుకాయ డ్రైవరైనా మాట మార్చేసేవాడు.

గోడ వైపు బస్సు ఆగేది. ఇళ్లేమో అవతలివైపు. బస్సు దిగినవాళ్లు ఇంటికి పోవాలంటే రోడ్డు దాటాల్సిందే— దాటబోయిన వాళ్లలో కొందరు ఇంటికి చేరలేదు. ఆ తర్వాతే పుట్టింది ఆ మాట. రాత్రిపూట గోడ పక్కన ఒక ఆడమనిషి నిలబడుతుందని. దూరం నుంచి చూస్తే ఎవరూ ఉండరు... దగ్గరికొచ్చేసరికి ఉన్నట్టుండి ఉంటుంది. మొహం కనబడదు. పలకదు. కదలదు.

ఇదంతా నాకు మా వదిన చెప్పింది. వదిన ఏది చెప్పినా కాస్త ఉప్పూ కారం తగిలించే చెబుతుంది. ఆడపడుచుని కాబట్టి ఆ మాత్రం అనే హక్కు నాకుంది. ఆ రాత్రి సంగతి మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెబుతుంది, ఒక్క ముక్క పెంచదు.

మా అన్నయ్య నగరం రోడ్ల ఆఫీసులో ఇంజనీరు. ఇకమీదట ఈ నగరం రోడ్ల మీద ఒక్క ప్రాణం పోకూడదు, ఒక్క కాలు విరగకూడదు— అందుకు ఏమేం చెయ్యాలో పథకం వెయ్యమని ఆయనకి అప్పగించారు. అప్పగించినవాళ్లు ఏదో మాటవరసకి అన్నారు. ఈయన నిజమే అనుకున్నాడు. అక్కడ వచ్చింది చిక్కు.

భోజనాల బల్ల మీద ప్రెస్సు మలుపు పటం. పడకగది గోడకి ప్రెస్సు మలుపు ఫోటో. ఒకరోజు వదిన జుట్టు పొట్టిగా కత్తిరించుకొచ్చి, కొత్త బట్టలు కట్టుకుని ఎదురుగా కూర్చుంది. అన్నయ్య తలెత్తి తేరిపార చూసి, దీపం స్తంభాన్ని తప్పు వైపు పాతారన్నాడు. ఒళ్లు మండదూ మరి? నాకు సవతి ఉన్నా దానికి ఇన్ని వంపులుండేవి కావు, ఆ మలుపునే కట్టుకోకపోయారా అని దులిపేసింది. రాత్రిళ్లు ఆ దిక్కుమాలిన చోటికి వెళ్లనని ఒట్టు కూడా వేయించుకుంది.

కొన్నాళ్లకి అన్నయ్య ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఆఫీసులో పని అన్నాడు. కోటు భుజం మీద పొడుగాటి వెంట్రుక కనబడింది. బీరువాలో వదిన శాలువా లేదు— పెళ్లయిన కొత్తలో, మొదటి చలికాలంలో, ఆయనే కొనితెచ్చి భుజాల మీద కప్పిన ముదురాకుపచ్చ శాలువా. ఆవిడ పాత చెప్పుల జత కూడా మాయం. వీటికి తోడు పక్కింటి పిన్నిగారు. ఎక్కడ పుల్ల వేస్తే మంట బాగా లేస్తుందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీ ఆయన జీపులో వెనక సీట్లో ఎవరో ఆడమనిషి పడుకుని ఉందమ్మా, మీ చుట్టాలా అని అడిగింది.

అవును, చుట్టాలే అని నవ్వింది వదిన. లోపలికొచ్చి గిన్నెలన్నీ వీధి చివరికి వినబడేలా కడిగింది.

సరిగ్గా అప్పుడే దెయ్యం గొడవ కూడా ముదిరింది. ఇంటికి గ్యాస్ బండ తెచ్చే అతను తన కళ్లతో తానే చూశానన్నాడు. ఇప్పుడు తరచుగా కనబడుతోందట. ఒంటినిండా శాలువా కప్పుకుని ఉంటుందట. ముదురు రంగు... ఆకుపచ్చ కావచ్చు...

వదిన పరుగున వెళ్లి బీరువా మళ్లీ వెతికింది.

ఇంకొకరైతే తలుపులు వేసుకుని దుప్పటి ముసుగుపెట్టేవాళ్లు. మా వదినకి భయం కన్నా అసూయ ముందు పుట్టింది. నాకు ఫోన్ చేసింది.

"దెయ్యమైతే దాని ఖర్మ, పోనీలే అనుకుంటా. ప్రాణమున్న ఆడదై నా శాలువా కప్పుకుందో... ఊరుకునేది లేదు."

నేను ఏదో అనేలోపే పెట్టేసింది.

ఆ రాత్రి ట్యాక్సీ అతను మలుపు దాకా రానన్నాడు. మలుపుకి ముందున్న వంతెన దగ్గరే దించేసి, ఆవిడ తలుపు మూసీ మూయకముందే బండి వెనక్కి తిప్పేశాడు.

వదిన ఇళ్లవైపు నుంచి నడిచింది. ఇళ్లలో దీపాలు ఆర్పేశారు. నడవడానికి వేరే దారి లేదు, రోడ్డు అంచే దారి. స్తంభం మీద దీపం వెలుగుతోంది కానీ, ఆ వెలుగంతా చెట్టు కొమ్మల్లోనే ఇరుక్కుపోయింది. అవతల గోడ వైపు... కాటుకలాంటి చీకటి.

ఆ చీకట్లో చిన్న టార్చి వెలిగింది.

అన్నయ్య. ఆయన పక్కన— ఒక ఆడమనిషి. పొడుగాటి జుట్టు నడుము దాకా వేలాడుతోంది. అన్నయ్య శాలువా విప్పి, ఆవిడ భుజాల చుట్టూ మెల్లగా కప్పుతున్నాడు. జారిన కొసని మళ్లీ సర్దుతున్నాడు. ఆవిడ కదల్లేదు. చేతులు కూడా ఎత్తలేదు. కప్పించుకోవడం బాగా అలవాటైనట్టు నిలబడింది.

అప్పుడు అన్నయ్య గుసగుసగా అన్నాడు—

"చలేస్తోందా బంగారం? కాసేపే... నీకేం కానివ్వను."

బంగారం. పెళ్లయిన కొత్తలో వదినని పిలిచిన పిలుపు. ఆ మాట ఆయన నోటివెంట విని ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. తనకి లేకుండా పోయిన మాట ఈ జుట్టు విరబోసుకున్నదానికి దక్కుతోంది. శాలువా పోతే పోయింది— ఆ మాటనీ ఎత్తుకుపోయింది ఇది.

టార్చి ఆరిపోయింది. అన్నయ్య జీపు వైపు చీకట్లోకి వెళ్లాడు. ఆవిడ ఒక్కతే గోడ పక్కన నీడలా నిలబడింది.

వదిన రోడ్డు మీదికి దిగింది. ఎడమవైపు చూడలేదు. కుడివైపు చూడలేదు. ఊరందరూ రోడ్డు క్షేమంగా దాటాలని రాత్రింబవళ్లు కొట్టుకుంటున్న మనిషి పెళ్లాం... ఆ జుట్టొక్కటే చూస్తూ నడిచింది. అది చేతికి దొరికితే చాలనుకుంది.

గోడ మీద వెలుగు పాకింది.

మలుపు తిరిగి వచ్చేసింది లారీ. వదిన రోడ్డు మధ్యలో ఉంది. వెలుగు కళ్లల్లో పడింది— కాళ్లు బిగుసుకుపోయాయి— చెవులు చిల్లులుపడేలా బ్రేకు అరిచింది— లారీ ఒక్క ఊపున గోడ వైపు తిరిగింది—

ధడేల్మని చప్పుడు.

ఆ ఆడమనిషి గాల్లోకి లేచింది. శాలువా ఒక దిక్కు, జుట్టు ఒక దిక్కు. తల ఊడి, దొర్లుకుంటూ వచ్చి వదిన కాళ్ల దగ్గర ఆగింది.

నవ్వుతోంది.

అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. వదిన చేతులూ భుజాలూ తడుముతూ, తగిలిందా, తగిలిందా అని అదే అడుగుతున్నాడు. ఆవిడ వేలు చూపించింది. ఎవరది?

"బొమ్మ" అన్నాడు. "బట్టల కొట్లో నిలబెట్టే బొమ్మ."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇక్కడ చనిపోయినవాళ్లదే తప్పని, చూసుకోకుండా దాటారని, జాగ్రత్త అని ఒక బోర్డు రాసిపెడితే చాలని పై అధికారి తేల్చేశాడట. అది కాదని నిరూపించాలి. అందుకని బొమ్మకి విగ్గు పెట్టి, చెప్పులు తొడిగి, బస్సు దిగినవాళ్లు ఆగేచోటే గోడ పక్కన నిలబెట్టి, వచ్చే డ్రైవర్లకి అది ఎంత దూరంలో కనబడుతోందో కొలుస్తున్నాడు. దాదాపు మీదికి వచ్చేదాకా ఎవరికీ కనబడటం లేదు. ఈ మలుపులో బతికున్న మనిషి కూడా దెయ్యంలాగే ఉన్నట్టుండి కళ్లముందు పుడుతుందన్నాడు. ఒట్టు తప్పాను కాబట్టే చెప్పలేదని తల వంచుకున్నాడు.

"నా శాలువా ఎందుకు?" వదిన ఇంకా వదల్లేదు.

అన్నయ్య రోడ్డు మీద పడ్డ శాలువా చేతిలోకి తీసుకున్నాడు.

"అది నీ ఎత్తే ఉంది. నీ శాలువా కప్పితే... నువ్వే బస్సు దిగి, ఇంటికి రావడానికి అక్కడ నిలబడ్డట్టుండేది. అలా చూశాక, బోర్డు పెట్టి చేతులు దులుపుకోవడానికి నాకు మనసొప్పలేదు."

వదిన ఏడ్చింది. బట్టల కొట్టు బొమ్మని చూసి కుళ్లుకున్నానా అని ఆ ఏడుపులోనే నవ్వింది. అన్నయ్య దుమ్ము దులిపి శాలువా ఆవిడ భుజాల మీద కప్పాడు. కప్పుతూ, బంగారం అన్నాడు. అసూయ దిగిపోయి, ఒళ్లంతా తేలికైపోయిందట ఆవిడకి.

అప్పటికి లారీ డ్రైవరు దిగాడు. పెద్దవయసు మనిషి. అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని, మీరు చల్లగా ఉండాలి, నా భార్యని చూసి సమయానికి బ్రేకు వేశారన్నాడు.

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు.

"మీ ఆవిడ నాకు కనబడలేదు బాబూ. ఆ బొమ్మా కనబడలేదు. నేను బ్రేకు వేసింది... ఆవిడని చూసి."

"ఎవరిని?"

"జనం చెప్పుకునే ఆవిడే. రోడ్డు మధ్యలో నిలబడింది. బండి మీదికొస్తున్నా నా వైపు తిరగలేదు. మిమ్మల్నే చూస్తోంది బాబూ."

డ్రైవరు గొంతు ఇంకా తగ్గించాడు. ఆయన కళ్లు అన్నయ్య భుజం మీదుగా, వెనకాల చీకట్లోకి చూస్తున్నాయి.

"ఇప్పుడూ చూస్తోంది..."

అన్నయ్య వెనక్కి తిరగబోయాడు. వదిన రెండు చేతులతో ఆయన మొహం గట్టిగా పట్టుకుంది. తన వైపుకి తిప్పుకుంది.

"చూస్తే చూడనివ్వండి" అంది మెల్లగా. "మీరు మాత్రం అటు చూడకండి."