తోక కుర్రాడి జవాబు

పాత విమానాల మైదానం చివర రేకుల షెడ్డు ఒకటి ఉండేది. చీకటి పడ్డాక అటు పోవద్దని ఊళ్లో ఎవరినడిగినా చెప్పేవారు. పోతే ఏమవుతుందని అడిగితే మాత్రం గొంతు తగ్గించేవారు. లోపల్నుంచి రేకు మీద ఎవరో కొడతారట. టక్... టక్. రెండే దెబ్బలు. ఆ తర్వాత ఏమీ ఉండదట — ఆ ఏమీ లేకపోవడానికే గుండె ఆగిపోతుందట.

ఆ కొట్టేవాణ్ణి తోక కుర్రాడు అనేవారు. యుద్ధం రోజుల్లో ఈ మైదానం నుంచే బాంబుల విమానాలు లేచేవి. వాటిలో ఒకదాని తోకలో తుపాకీ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒంటరిగా కూర్చునేవాడు. మీసం కూడా సరిగ్గా రాలేదంటారు. ఒక రాత్రి వెళ్లిన విమానం మరి తిరిగి రాలేదు. సముద్రంలో పడిపోయింది. వాడు పడుకున్న షెడ్డు మిగిలింది. యుద్ధం అయ్యాక ఒక కాంట్రాక్టరు అందులో సిమెంటు బస్తాలు పెట్టుకున్నాడు.

రొట్టెల కొట్టాయన సైకిల్ మీంచి పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నది అక్కడే. బస్సు డ్రైవరు విన్నాడు. పోస్టుమాన్ విన్నాడు. ఇక తాగి దారి తప్పినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్లతో తోక కుర్రాడు తెల్లవార్లూ కబుర్లు చెప్పేవాడట.

విననిది ఒక్కరే... ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆవిడ. షిఫ్టు దిగి రోజూ రాత్రి ఆ షెడ్డు పక్కనుంచే ఇంటికి పోయేది. అందరూ చుట్టుదారిన పోతుంటే ఈవిడ అడ్డదారిన పోతోందని, ఎంత గుండె ధైర్యమో అని మెచ్చుకునేవారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. ఆ కుర్రాడు ఆవిడ తమ్ముడు.

తమ్ముడికి సమాధి లేదు. వాడు ఆఖరిసారి పడుకున్న చోటైనా చూసుకుంటూ బతుకుదామని, పుట్టిన ఊరు వదిలి ఇక్కడికొచ్చింది. వచ్చిన వారంలోనే రొట్టెల కొట్టు దగ్గర ఈ కథ వింది. అందరూ పగలబడి నవ్వుతుంటే నోరు కుట్టేసుకుంది. వాడు తనకేమవుతాడో ఎవరికీ చెప్పలేదు. కడుపులో మంట మాత్రం ఆరలేదు. తాగుబోతులకి వినిపించినవాడు, తోడబుట్టినదానికి ఒక్కసారి వినిపిస్తే వాడి సొమ్మేం పోయింది? ఏళ్ల తరబడి ఆ షెడ్డు దగ్గర ఆగేది... చెవి రిక్కించేది... నామీద కోపమా అని చీకటిని అడిగేది. చీమ చిటుక్కుమనేది కాదు.

ఇంతలో షెడ్డు కొట్టేసి అక్కడ రోడ్డు వేస్తారని తెలిసింది. పొద్దున్నే మనుషులొస్తారు. ఇక మిగిలింది ఆ రాత్రి ఒక్కటే. లాండ్రీలో దుప్పటి మడత పెడుతుంటే ఆమెకి ఒక సంగతి తట్టింది. దుప్పటి అలాగే వదిలేసింది.

సెలవులకి వచ్చినప్పుడు వాడు చెప్పిన సంగతది. పైన చలికి, ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీగలు పని చెయ్యకుండా పోతాయి. అప్పుడు ముందున్నవాళ్లు విమానం గోడ మీద ఒక దెబ్బ కొడతారు. తోకలో వాడు రెండు కొట్టాలి — బతికే ఉన్నానని. అడిగితేనే కొట్టాలి, ఊరికే కొట్టకూడదు. ఆ సెలవులన్నాళ్లూ అక్కాతమ్ముళ్లు నిద్రపోయే ముందు, రెండు గదుల మధ్య గోడ మీద అదే ఆట ఆడారు. ఆమె ఒకటి, వాడు రెండు.

ఊళ్లోవాళ్లని ఏడిపించడానికి ఊరికే కొడుతున్నాడేమో, వాడికి ఆ అల్లరి ఉంది. అక్కతో మాత్రం ఆట ఆటే. ఇన్నేళ్లూ తను ఆ ఒక్క దెబ్బ కొట్టి అడగనే లేదు. అడక్కుండా జవాబెలా ఇస్తాడు?

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఊరు మాటుమణిగింది. రేకు చల్లగా ఉంది. వేలి కణుపుతో కొట్టింది.

టక్.

ఏమీ లేదు... గాలి కూడా కదలడం లేదు...

టక్... టక్.

ఆమె రేకుకి చెంప ఆనించి, "తమ్ముడూ... నేనురా, అక్కని," అంది గుసగుసగా. "అడగాలని తోచలేదురా ఇన్నాళ్లూ."

లోపల ఏదో జారింది. గొళ్లెం కదిలింది... తలుపు సందులో లాంతరు... దాని వెనక తెల్లగడ్డం.

కాంట్రాక్టరు పెట్టిన కాపలా ముసలాయన. చేతిలో కర్ర.

"మీరా అమ్మా? దొంగలేమో అనుకుని కొట్టాను," అన్నాడు తెల్లబోయి.

తర్వాత నసుగుతూ అంతా చెప్పుకొచ్చాడు. బస్తాలు మాయమవుతుంటే కాంట్రాక్టరే ఈ ఉపాయం పన్నాడు. రెండు దెబ్బల సంగతి రొట్టెల కొట్టాయన దగ్గర విన్నాడట, ఆయనకి విమానాల కుర్రాళ్లే చెప్పారట. చచ్చిపోయినవాడెవరో ముసలాయనకి తెలీదు. ఎవరో కుర్రాడంట, అంతే.

వాణ్ణి ఒకళ్లు యుద్ధానికి పంపి సముద్రంలో పారేశారు. మిగిలిన కాస్త జ్ఞాపకాన్ని ఇంకొకళ్లు సిమెంటుకి కాపలా పెట్టారు. ఆమె ఆ మాట అనలేదు. ఒక్కటే అడిగింది.

"మరి నాకెందుకు కొట్టలేదు?"

"మీకెలా కొడతానమ్మా?" ముసలాయన నొచ్చుకున్నాడు. "ఆడకూతురు, ఒంటరిగా పోతోంది, పాపం అనుకునేవాణ్ణి. మీరు ఇక్కడే ఆగి ఏదో గొణుక్కునేవారు గదా... భయానికి దేవుణ్ణి తలుచుకుంటున్నారేమో అని, మీరు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి."

ఊరందరిలో ఆమె ఒక్కదాని మీదే జాలిపడ్డాడు మహానుభావుడు. అప్పుడొచ్చింది ఏడుపు. రేకు గోడకి తల కొట్టుకుంటూ, గొంతు దాచుకోకుండా ఏడ్చింది. ముసలాయన కర్ర పారేసి, ఏం చెయ్యాలో తోచక లాంతరు పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దున్నే షెడ్డు కూల్చేశారు. సాయంత్రానికి రొట్టెల కొట్టు దగ్గర జనం మూగారు. రాత్రి పెద్ద రోడ్డున వస్తూ కొట్టాయన చెవులారా విన్నాడట. తోక కుర్రాడు ఒంటరివాడు కాదట, చివరికి ఒక ఆడదెయ్యం కూడా జతకూడి గొల్లుమని ఏడ్చిందట. చెబుతూనే ఆమెకి రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"రోజూ ఆ దారినే పోతావుగా, ఎవరమ్మా అది?" అన్నాడు నవ్వుతూ.

"వాడి అక్క," అంది.

"దెయ్యానికి అక్క కూడానా..." కొట్టంతా ఘొల్లుమంది.

నవ్వులు ఆగేదాకా ఆమె నిలబడింది. ఆ తర్వాత కొట్టు బల్ల మీద వేలి కణుపుతో కొట్టింది. ఒక్కటే దెబ్బ.

టక్.

రొట్టెలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు ఒకటి కొట్టి అడగాలని విమానాల కుర్రాళ్లు చెప్పిన సంగతి ఆ ఊళ్లో ఆయనొక్కడికే తెలుసు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ బిగుసుకుపోయారు. ఎవరూ కదల్లేదు... ఎవరూ దగ్గలేదు...

ఎంతసేపటికీ జవాబు రాలేదు. ఆమె రొట్టె సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది.