ఫ్యాను గాలికి పడిన పువ్వు

హేమసుందర్ బ్యాగు సర్దుతున్నది హేమసుందర్ కాదు.

లక్ష్మీసాహితి గోంగూర పచ్చడి సీసా పట్టుకుని మేడమెట్లు ఎక్కి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల కుర్చీలో కూర్చుని, ఆయన చొక్కాలు ఒక్కొక్కటే ఒళ్లో పరచుకుని, చేతులు వెనక్కి మడిచి, అరచేత్తో చదును చేసి బ్యాగులో పెడుతున్నది రోజారమణి. హేమసుందర్ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని, తన బ్యాగు కాదన్నట్టు నిలబడి ఉన్నాడు.

"హేమా, ఈ తెల్ల చొక్కా తీసేస్తున్నాను. కొండమీద బురదకి ఒక్క పూట కూడా ఆగదు," అంది రోజారమణి.

హేమా!

సాహితికి నాలుక కాలినట్టయింది. రెండేళ్లుగా తమ మేడ మీద గదిలో అద్దెకుంటున్న మనిషిని తను ఈనాటికీ 'డాక్టరుగారూ' అనే పిలుస్తోంది. ఆయన నర్సీపట్నంలో పశువుల డాక్టరు. రోజారమణి కూడా అదే ఆసుపత్రిలో డాక్టరు. ఏజెన్సీలో పశువులకి గాలికుంటు టీకాలు వేయడానికి ఇద్దరినీ చింతపల్లి వైపు పంపుతున్నారు. ఇప్పుడు ఆషాఢం. మళ్లీ వచ్చేది శ్రావణం చివర్లోనే.

"రండి సాహితిగారూ," అన్నాడు హేమసుందర్.

"మామ్మ పంపింది." సీసా బల్ల మీద పెట్టింది. "తినేవాళ్లు ఇద్దరని తెలిస్తే పెద్ద సీసాలో పెట్టేది."

రోజారమణి నవ్వింది. "నాకు పర్లేదండి. హేమాకే కారం పడదు. ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతాడు."

"అలాగా? మా ఇంట్లో ఇన్నాళ్లు తిన్నారు, ఒక్కసారీ నీళ్లు అడగలేదే."

"అడిగితే మీ మామ్మగారు నొచ్చుకుంటారని," అన్నాడు హేమసుందర్, నేల చూస్తూ.

ఈయన గురించి నాకు తెలియనివి ఈవిడకి ఇంకా ఎన్ని తెలుసో అనుకుంది సాహితి.

ఆమె మెట్లు దిగబోతుంటే హేమసుందర్ గుమ్మం దాకా వచ్చాడు. "సాహితిగారూ, ఒక్క మాట..."

"నాయనా హేమసుందరం, బేగి దిగు. వర్జ్యం వచ్చేస్తంది," అని కింద నుంచి మామ్మ కనకమహాలక్ష్మి కేకేసింది. మెట్ల మొదట్లో నిలబడి తల పైకెత్తి ఆయననే చూస్తోంది. హేమసుందర్ ఆవిడని చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"పచ్చడి బాగుందని చెప్పండి," అన్నాడు.

"ఇంకా తినందే ఎలా తెలిసింది?" అని సాహితి గబగబా దిగిపోయింది.

జీపు డ్రైవరు దేవుళ్లు హారన్ కొట్టాడు. "ఎక్కండి సారూ, లంబసింగి కాడికి ఎల్లేసరికి మబ్బు దిగిపోతాది." వెనక సీట్లో ఐసు పెట్టెలు పెట్టగా ఇద్దరికి సరిపోయే చోటే మిగిలింది. సాహితి గేటు పట్టుకుని ఆ చోటు వంక చూసింది. ఐసు పెట్టె మధ్యలో పెట్టి ఉంటే ఏం పోయింది?

జీపు సందు తిరిగింది. చినుకులు మొదలయ్యాయి.

*

సాహితి స్కూల్లో సైన్సు చెబుతుంది. ఆ నెలంతా ఆమె చెప్పిన పాఠాలు పిల్లలకి ఎంత ఎక్కాయో గానీ, ఆమెకి మాత్రం రోజారమణి వాట్సాప్ స్టేటసులు కంఠతా వచ్చేశాయి. ఒకదాంట్లో హేమసుందర్ దూడ మూతి పట్టుకుని ఉన్నాడు. ఇంకోదాంట్లో సింగన్న అనే రైతు ఇంటి అరుగు మీద జావ తాగుతున్నాడు. మూడోదాంట్లో వానలో నడుస్తున్నాడు, నెత్తిన పువ్వుల గొడుగు.

పువ్వుల గొడుగు ఎవరిది?

ఫొటో తీసిన మనిషి తడుస్తూ తీసిందా, లేక ఇంకో గొడుగు కింద నుంచి తీసిందా? ఒకటే గొడుగైతే మరీ ఘోరం. సాహితి ఫొటోని పెద్దది చేసి చూసింది. గొడుగు అంచున ఒక చున్నీ కొస కనిపించింది. ఆ పూట అన్నం సయించలేదు.

ఇది చాలదన్నట్టు నాన్న యాజులుగారు కాకినాడ సంబంధం ఎత్తుకున్నారు. పెళ్లికొడుకు రవికాంత్ ఇంజనీరు. యాజులుగారు లెక్కల లెక్చరరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒక నిర్ణయం చేస్తే కొట్టివేత ఉండదు. "మంచి కుటుంబం. జాతకాలు కలిశాయి. ఇంకేటి కావాలి?" అన్నారు. సాహితి మెట్ల వైపు చూసింది. ఏమని మాట్లాడుతుంది? మేడ మీద గదికి తాళం వేసి ఉంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్ద విషయం ఏదైనా తేల్చుకోవాలంటే మామ్మ శుక్రవారం సాయంత్రం రెండు గన్నేరు పువ్వులు తడిపి, దేవుడి గదిలో అమ్మవారి పటానికి అటొకటి ఇటొకటి భుజాల దగ్గర అద్దం మీద అంటిస్తుంది. మనసులో ప్రశ్న అడుగుతుంది. కుడి పువ్వు ముందు రాలితే అవును. ఎడమ పువ్వు రాలితే కాదు. రెండూ అంటుకుని ఎండిపోతే, ఇంకా సమయం రాలేదని. మళ్లీ వారం మళ్లీ అడగాలి. ఏమడిగిందో పువ్వు పడేదాకా ఎవరికీ చెప్పదు.

కొన్ని వారాలుగా పువ్వులు అలాగే ఎండిపోతున్నాయి. మామ్మ కాకినాడ సంబంధం గురించి అడుగుతోందనుకుంది సాహితి.

ఆ శుక్రవారం మామ్మ పువ్వులు అంటించి, దొడ్లోకి తులసి కోయడానికి వెళ్లింది. సాహితి దీపం ముందు కూర్చుంది. పొద్దున్నే చూసిన కొత్త స్టేటసు కళ్లలో కారంలా ఉంది.

"అమ్మా, మామ్మ ప్రశ్న తర్వాత చూద్దువు గానీ," అంది నెమ్మదిగా. "ముందు నాది. డాక్టరుగారికి రోజారమణి అంటే ఇష్టమా? అవునైతే కుడి పువ్వు పడెయ్."

పువ్వు కదలలేదు. సాహితి చీర చెంగు నలిపింది. పువ్వు కదలలేదు. ఈ వారం కూడా ఎండిపోతే ఇంకో వారం. ఇంకో వారానికి కొండమీద ఇంకెన్ని ఫొటోలు దిగుతారో.

లేచి వెళ్లి టేబులు ఫ్యాను తెచ్చింది. స్విచ్చి వేసింది.

కుడి పువ్వు ఊగి, ఊడి, పటం కింది పళ్లెంలో పడింది.

సాహితి అక్కడే చతికిలబడి ఏడ్చింది. అంతలో మామ్మ తులసి ఆకులతో వచ్చి పళ్లెం చూసింది. ముసలి ముఖం విచ్చుకుంది.

"పడిందే, పడింది! తల్లి ఇన్నాళ్లకి ఇచ్చింది." ఫోను కోసం బొడ్లో వెతుక్కుంటూ, మనవరాలి ముఖం చూసి ఆగింది. "ఏటే, ఎందుకేడుస్తున్నావు? మంచి మాటే కదే."

"నేనడిగిన దానికి మంచి మాట కాదు."

"నువ్వడగడమేటి? ఏమడిగావు?"

మామ్మ కళ్లు గది చుట్టూ తిరిగి మూల ఆగాయి. ఫ్యాను ఇంకా తిరుగుతోంది.

"ఇది ఎవరు వేశారు?"

సాహితి ముక్కు తుడుచుకుంది.

కనకమహాలక్ష్మి ఫోను మళ్లీ బొడ్లో దోపుకుంది. కోప్పడలేదు. ఫ్యాను కట్టేసి, పువ్వు తీసి తులసి మొదట్లో వేసి వచ్చింది. "ఇది ఫ్యాను చెప్పిన మాట. అమ్మ చెప్పలేదు. మళ్లీ మొదలెట్టాల," అంది.

*

తర్వాతి వారం మధ్యాహ్నం కుండపోతగా వాన. టీకా మందు తీసుకెళ్లడానికి దేవుళ్లు కిందికి వచ్చాడు, జీపు ఇంటి ముందు ఆగింది. దిగింది రోజారమణి. హేమసుందర్ గదిలోంచి మందుల పుస్తకం ఒకటి కావాలని వచ్చింది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి.

సాహితి తువ్వాలు ఇచ్చింది. టీ ఇచ్చింది. "గొడుగు ఉండాలి కదండీ మీకు, పువ్వులది," అంది.

"అది హేమా దగ్గరుండిపోయింది."

"ఉండిపోతుంది లెండి."

రోజారమణి గ్లాసు కింద పెట్టింది. "నామీద కోపమా సాహితిగారూ?"

"నాకెందుకండీ? మీరు ఆయన చొక్కాలు మడిచే మనిషి. నేను ఇంటివాళ్ల అమ్మాయిని."

"చొక్కాలు ఎందుకు మడిచానో తెలుసా? ఆయన ఉండలు చుట్టి కుక్కుతుంటే చూడలేక. ధ్యాస ఎక్కడో ఉంది మనిషికి. మీతో చెప్పకుండా వెళ్లాల్సి వస్తోందని."

"ఏటి చెప్పకుండా?"

రోజారమణి దేవుడి గది వైపు చూసింది. లోపల మామ్మ పడుకుంది. "నా చేత ఎవరూ ఒట్టు వేయించుకోలేదు కాబట్టి చెబుతున్నాను. మిమ్మల్ని చేసుకుంటానని ఆయన వైశాఖంలోనే మీ మామ్మగారిని అడిగాడు. ఆవిడ అమ్మవారిని అడిగి చెబుతానన్నారు. పువ్వు పడేదాకా మీతో ఒక్క ముక్క అనకూడదన్నారు. ఈయన సరేనన్నాడు. ప్రతి శుక్రవారం ఆవిడ ఫోను చేసి పడలేదు నాయనా అంటారు. ఆ పూట ఈయన అన్నం తినడు. నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంటాను."

వాన చప్పుడులో సాహితికి ఆ చివరి మాట మిగతావాటికంటే స్పష్టంగా వినిపించింది. ఇన్నాళ్లూ ఫొటోల్లో ఏది వెతికిందో అది ఇప్పుడు ఎదురుగా ఉన్న ముఖంలో ఉంది. తను ఊహించింది సగం నిజమే. ఆ సగం ఆయనది కాదు.

"ఆయనకి తెలుసా?" అంది.

"తెలీదు. మీరూ చెప్పకండి." రోజారమణి తువ్వాలు నీటుగా మడిచి కుర్చీ మీద వేసింది. "మీరు ఇప్పుడు ఫోను చేసి అడిగితే ఆయన ఆగలేడు, చెప్పేస్తాడు. ఒట్టు తప్పానని తర్వాత బాధపడతాడు. నేనైతే ఆగుతాను. ఆగడం నాకు బాగా అలవాటు."

పుస్తకం తీసుకుని జీపెక్కింది. సాహితికి అసూయ పోలేదు. ఆయన అన్నం మానేసినప్పుడు ఎదురుగా ఉండడం కూడా ఆవిడకే దక్కింది కదా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం హేమసుందర్ నెంబరు నొక్కింది. మోగకముందే కట్ చేసింది. లోపలికి వెళ్లి మామ్మ పక్కన కూర్చుంది.

"నాకు తెలిసిపోయింది మామ్మా. ఆయనకిష్టం, నాకూ ఇష్టం. మధ్యలో పువ్వేటి?"

"ఇష్టమని నోటితో అన్నావు, బాగుంది," అంది మామ్మ. "మీ నాన్న మాటో? వాడు కాకినాడ పట్టుకుని వేలాడుతున్నాడు. ఇప్పుడు ఈ ముక్క అంటే కాదంటాడు. కాదన్నాక వాడు మాట వెనక్కి తీసుకోడు, కన్నదాన్ని నాకు తెలీదా? తల్లి ఊరికే కూర్చుందనుకోకు. నీ కోసం ఏదో చక్కబెడుతూనే ఉంటాది. మధ్యలో నువ్వు చెయ్యి పెడితే ఆవిడకి పని పెరుగుతుంది, అంతే."

"ఎడమ పువ్వు పడితే?"

మామ్మ సాహితి జుట్టు నిమిరింది. "పడితే ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. ఆ తర్వాత కూడా ఆవిడే చూసుకుంటుంది."

సాహితి ఫ్యాను తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది.

*

శ్రావణం వచ్చింది. ఒక ఉదయం యాజులుగారు ఫోను చేతిలో పట్టుకుని హాల్లో కూలబడ్డారు. కాకినాడ నుంచి రవికాంతే స్వయంగా చేశాడట. తన మనసులో వేరే అమ్మాయి ఉందనీ, పెద్దల దగ్గర నోరు తెరవలేకపోయాననీ, క్షమించమనీ అడిగాడట.

"మనల్ని వాళ్లు వద్దనడమేటమ్మా," అని రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదాయన. మూడో పూట కాఫీ తాగుతూ, పైకప్పు వంక చూశారు. "పైన గది బోసిగా ఉంది. ఆ అబ్బాయి ఉంటే సాయంత్రం పేపరు గురించి నాలుగు మాటలైనా అనుకునేవాళ్లం. ఎప్పుడొస్తాడు?"

కనకమహాలక్ష్మి కాఫీ గ్లాసులోకి చూసుకుంటూ, "వస్తాడు," అంది.

ఆ శుక్రవారం సాయంత్రం కరెంటు పోయింది. గాలి లేదు. వాన వచ్చే ముందు ఊరు ఊపిరి బిగపట్టినట్టుండే ఉక్కపోత. సాహితి వీధి గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పటం వైపు చూడడం మానేసి చాలా రోజులైంది. చూస్తే ప్రాణం లాగుతోందని.

"సాహితీ, ఇలా రా," అని మామ్మ పిలిచింది.

దీపం వెలుగులో అమ్మవారి కుడి భుజం దగ్గర అద్దం ఖాళీగా ఉంది. పువ్వు పళ్లెంలో ఉంది.

సాహితి అటక వంక చూసింది.

"చూడక్కర్లేదు. కరెంటే లేదు," అని మామ్మ ఫోను చెవికి ఆనించుకుంది. "నాయనా, పడింది. ఈసారి తల్లే ఇచ్చింది. మీ మావగారికి రాత్రి భోజనాల దగ్గర నేను చెబుతాను."

అటు నుంచి దగ్గు వినిపించింది. సాహితి మామ్మ చేతిలోంచి ఫోను తీసుకుంది. ఇన్నాళ్లు దాచుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో, ఒక్కటే మిగిలింది.

"ఈ పూటైనా అన్నం తినండి," అంది.

"తింటాను. మీరు రోజూ అడిగితే రోజూ తింటాను," అన్నాడు హేమసుందర్.

యాజులుగారు కొట్టేస్తారనుకున్న మాటను కొట్టేయలేదు. "పశువుల డాక్టరా," అని ఒక్కసారి నిట్టూర్చి, "మనిషి మంచివాడు," అని పెరుగు కలుపుకున్నారు.

శ్రావణం చివరి వారంలో జీపు తుంపరలో వచ్చి ఆగింది. యాజులుగారే గొడుగు పట్టుకుని ఎదురెళ్లారు. హేమసుందర్ గొడుగు కిందకి రాకుండా, గేటు దగ్గర సాహితి ముందు తడుస్తూ నిలబడిపోయాడు.

"ఒట్టు తీరింది. ఇప్పుడు చెప్పనా?"

"నాన్నగారు పక్కనే ఉన్నారు."

"ఆయనకి కూడా వినపడాలి. మీరంటే నాకు..."

"లోపలికి రావయ్యా, జలుబు చేస్తుంది," అన్నారు యాజులుగారు, నవ్వు ఆపుకుంటూ.

సాహితి నవ్వుతూనే జీపు వెనక సీటు వైపు చూసింది. ఖాళీ ఐసు పెట్టెలే ఉన్నాయి. "రోజారమణిగారేరీ?"

"చింతపల్లిలోనే పోస్టింగు అడిగి తీసుకుంది. ఎందుకన్నానంటే ఊరు నచ్చిందంది. వాళ్లమ్మ జోగులమ్మగారిని కూడా అక్కడికే రప్పించుకుంటుందట. మీకేమైనా తెలుసా?"

"తెలీదు," అంది సాహితి.

మార్గశిరంలో పెళ్లయింది. సాహితి తనే ఫోను చేసి పిలిచింది. తప్పకుండా వస్తానంది రోజారమణి. పీటల మీద కూర్చున్న సాహితి గుమ్మం వైపు చాలాసార్లు చూసింది. రోజారమణి పెళ్లికి రాలేదు. ఆషాఢంలో ఆ వాన రోజు మధ్యాహ్నం జీపెక్కి వెళ్లిన మనిషి, ఆ తర్వాత నర్సీపట్నానికి తిరిగి రాలేదు.