మూడో వేలిముద్ర

"గాలొచ్చి ఈ రేకు మన మెడ మీద పడితే ఎవరే మనకు దిక్కు?" అంది పెద్దింట్లమ్మ.

అప్పటికింకా గాలీ లేదు, వానా లేదు. బందరు మీద మబ్బు మాత్రం నల్లగా దిగి ఉంది. కూతురు దివ్యశ్రీ జడ వేసుకుంటూ, "ముందు గాలి రానీవే అమ్మా," అంది.

గాలి కన్నా ముందు గోపి వచ్చాడు. వార్డు సచివాలయం తరఫున పేటలో ఇళ్ళ సర్వే చేస్తున్న కుర్రాడు. ఎవరి ఇల్లు ఎలా ఉంది, ఎవరికేం కావాలి అని ఫోనులో ఎక్కించుకుంటాడు. పేటంతా మూడు రోజుల్లో ముగించినవాడికి ఈ ఒక్క ఇల్లు తెమలడం లేదు. ఇది నాలుగోసారి రావడం. సర్వేకి ఇవాళే ఆఖరు.

"గోడకి పగుళ్ళు, రేకుకి చిల్లులు," అని చదివాడు. "ఇంకేమైనా రాయాలాండీ?"

"సర్వే చేసేవాళ్ళకి వేరే పని లేదని రాసుకోండి," అంది దివ్యశ్రీ.

"దానికి కాలమ్ లేదండి. ఇంట్లోవాళ్ళ కోపానికీ లేదు. వెతికి చూశాను."

దివ్యశ్రీ నవ్వు దాచుకోవడానికి తల వంచి జడ చూసుకుంది. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనికి రోజూ పరుగెత్తే పిల్ల, గోపి వచ్చే రోజున మాత్రం నింపాదిగా తయారవుతోంది. అది పెద్దింట్లమ్మ కంట పడకపోలేదు. చూసినకొద్దీ దిగులు పెరుగుతోంది.

"ఇంట్లో ఎంతమందండీ?"

"ముగ్గురం. వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నా."

మూడో మనిషి వేలిముద్ర పడితే గానీ ఫారం ముందుకు కదలదు. ఆ మూడో మనిషి, పెద్దింట్లమ్మ భర్త సత్తిబాబు, రెండేళ్ళ కిందట కార్తీకంలో సముద్రం మీద చేపల వేటకి వెళ్ళాడు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

"ఇద్దరమని చెప్పవే అమ్మా," అంది దివ్యశ్రీ గొంతు తగ్గించి. "పక్కా ఇల్లొస్తుంది."

"నా నోటితోనా?" పెద్దింట్లమ్మ చెయ్యి నుదుటి బొట్టు మీదికి పోయింది. ఇద్దరని ఒకసారి అన్నాక ఆ లెక్క అక్కడ ఆగుతుందా? రేపు పిల్లకి పెళ్ళయితే ఒక్కరని రాయాలి. ఆ దిగులంతా గోపి మీదికి మళ్ళింది. "అడగడమేనా? మీ ఇంట్లో ఎంతమందయ్యా?"

"ఒక్కణ్ణేనండి. నాగాయలంకలో మామ్మ ఉండేది. మొన్న వేసవిలో పోయింది. ఇక్కడ చిన్న గదిలో ఉంటున్నా. మా ఇంటి సర్వే అరనిమిషం పని."

నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడొచ్చింది గాలి, వెనకే వాన. వంటింటి రేకు ఒక మూల లేచి టపటపా కొట్టుకుంది.

"నే చెప్పలా!" అని అరిచింది పెద్దింట్లమ్మ. గోపి ఫోను దివ్యశ్రీ చేతిలో పెట్టి గోడెక్కేశాడు.

"దిగవయ్యా! కరెంటు తీగ అక్కడే ఉంది! జారితే నడుం విరుగుద్ది!"

"తాడుందాండీ?"

కొయ్యకి సత్తిబాబు వలతాడు వేలాడుతోంది. రెండేళ్ళుగా దాన్ని దులపడానికైనా కూతుర్ని ముట్టుకోనివ్వలేదు. దివ్యశ్రీ తాడు వంక చూసి, తల్లి వంక చూసి ఆగిపోయింది. పెద్దింట్లమ్మే తీసి పైకి విసిరింది.

దిగేసరికి గోపి ముద్దగా తడిసిపోయాడు. దివ్యశ్రీ తువ్వాలు ఇచ్చింది.

"ఇన్నిసార్లు తిరిగే బదులు, తలుపు తాళం వేసుందని రాసేసి పోవచ్చుగా?"

"రాయబోయానండి. చెయ్యి రాలేదు." తువ్వాలు చేతిలోనే ఉంచుకుని నేల చూశాడు. "మీరు తలుపు తీసే ఉంచారుగా."

దివ్యశ్రీ చెంపలు ఎర్రబడ్డాయి. ఫోను తిరిగిచ్చింది గానీ, వేళ్ళు వెంటనే వదల్లేదు.

"ఆఖరిసారి అడుగుతున్నానండి," అన్నాడు గోపి పెద్దింట్లమ్మ వైపు తిరిగి. "ఇంట్లో ఎంతమంది?"

పైన వాన దంచుతోంది. రేకు మాత్రం కదలడం లేదు. గోపి బిగించిన తాడు ముడి వంకే చూస్తోందామె. సత్తిబాబు వేసే ముడే. వేట ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి తప్ప పడని ముడి. చూరు నీళ్ళకి గుమ్మంలో బకెట్టు నిండి పొర్లింది. ఎవరూ తీయలేదు.

పెద్దింట్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇవాళ్టికి ఇద్దరమని రాసుకో. మూడో వేలిముద్ర, ముహూర్తమయ్యాక నువ్వేద్దువుగాని. ముందా తల తుడుచుకో నాయనా, జ్వరమొస్తే మళ్ళీ లెక్క తప్పుద్ది."